పాస్టరుని వదలడం వేరు, సంఘాన్ని వదలడం వేరు

మొన్నామధ్య మా అమ్మాయికి స్కూల్లో ఒక పని ఇచ్చారు, ఏదైనా ఒక రాజకీయ ఉపన్యాసం తీసుకుని అందులో వాదన ఎలా నడిచిందో రాయమని. తను ఒబామా 2008 మార్చి 18న ఫిలడెల్ఫియాలో ఇచ్చిన ఉపన్యాసం ఎంచుకుంది, అదే, ప్రెసిడెంట్ పదవికి పోటీ చేస్తుండగా తన చర్చి పాస్టరు రెవరెండ్ జెరెమయా రైట్ ప్రసంగాల గొడవ పీకల మీదకి వచ్చినప్పుడు రేస్ గురించి మాట్లాడింది. తను పుట్టిన ఏడాదే అది. సోఫాలో పక్కపక్కన కూర్చుని మొత్తం 37 నిమిషాలూ విన్నాం. నాకు పదిహేడేళ్ళ తర్వాత కూడా అదే చోట గొంతు పట్టుకుంది, నల్లవాళ్ళ సమాజాన్ని ఎలా వదులుకోలేనో ఆయన్నీ అలా వదులుకోలేను, నన్ను పెంచిన తెల్ల అమ్మమ్మని ఎలా వదులుకోలేనో ఆయన్నీ అలా వదులుకోలేను అంటాడు చూడండి, అక్కడ.

అయిపోయాక అమ్మాయి అడిగింది, "బాగుంది నాన్నా, తర్వాత ఏమైంది?"

తర్వాత ఆరు వారాలకి పాస్టరుతో సంబంధం తెంచుకున్నాడు, మే 31న ఆ చర్చి సభ్యత్వమే వదిలేశాడు అని చెప్పాను. అది కాసేపు స్క్రీన్ వైపు చూసి "అయితే ఇదంతా అబద్ధమా?" అంది.

కాదు అన్నాను. ఎందుకు కాదో మాత్రం ఆ రాత్రి సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఆ క్లిప్పు నేను చూసినప్పుడు

మార్చి 13న ఏబీసీ టీవీ వాళ్ళు రైట్ ప్రసంగాల్లోంచి ఆ ముక్కలు వేశారు. ఆఫీసు బ్రేక్ రూమ్ లో టీవీ ముందు నలుగురైదుగురం నించున్నాం. ఆఫ్రికన్ అంగీ వేసుకున్న పెద్దాయన పల్పిట్ మీంచి కేక పెడుతున్నాడు, గాడ్ బ్లెస్ అమెరికా కాదు, గాడ్ డ్యామ్ అమెరికా అని. మళ్ళీ వేశారు. మళ్ళీ వేశారు. నా పక్కనున్నతను కాఫీ కప్పు పట్టుకుని "ఇరవయ్యేళ్ళు ఈ మనిషి ముందు కూర్చున్నాడా" అన్నాడు, కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక.

నాకు మాత్రం అర్థమైంది, చూసిన మొదటి సెకన్లోనే అర్థమైంది, ఎందుకంటే ఆ గొంతు నేను విన్నాను.

మాది గుంటూరు జిల్లా, తెనాలి వైపు. పల్లెలో మా చర్చి. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల ఊచకోత జరిగింది. ఆ వచ్చిన ఆదివారం మా పాస్టరు గారు వాక్యం చెప్పడానికి లేచి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎప్పుడూ నెమ్మదిగా, ఆడవాళ్ళకి కూడా వినపడీ వినపడనట్టు మాట్లాడే మనిషి. ఆ రోజు బైబిలు మూసేసి ఈ నేలని శపించాడు, పేరుపెట్టి శపించాడు, గోనె సంచుల్లో కాలవలో తేలినవాళ్ళ రక్తం ఈ పంటలో ఉంది, ఈ అన్నం తినేవాళ్ళ నోట్లో అది పురుగై లేస్తుంది అన్నాడు. ఇంకా చాలా అన్నాడు, కొన్ని నేను ఇక్కడ రాయలేను, కొన్ని నిజం కూడా కావు, ఎవరెవరి మీదో అనుమానాలు అవి. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ రోజు ఎవరన్నా కెమెరా పెట్టి ముప్పై సెకన్లు తీసుంటే మా పాస్టరు గారు దేశద్రోహి, ఆ బెంచీల మీద కూర్చున్న మేమందరం కూడా. ఆ కెమెరాలో రానిది ఏంటంటే ఆ మనిషే మా వాడలో పదిమంది పిల్లల ఫీజులు కట్టాడు, ఎవరింట్లో జబ్బు చేసినా సైకిలు మీద తెనాలి తీసుకెళ్ళాడు.

రైట్ సంగతీ అంతే. 1972లో ఆయన షికాగో సౌత్ సైడ్ లో ఆ ట్రినిటీ చర్చికి వచ్చినప్పుడు 87 మంది సభ్యులు, రిటైరయ్యే నాటికి వేలమంది. జైల్లో ఉన్నవాళ్ళ కోసం ఒక పరిచర్య, ఎయిడ్స్ ఉన్నవాళ్ళ కోసం ఒకటి, ఇల్లు లేనివాళ్ళకి, చదువుకునే పిల్లలకి. పాస్టరు కాకముందు మెరైన్స్ లో, నేవీలో ఆరేళ్ళు పనిచేశాడు. బైబిలు చదివేవాళ్ళకి ఇంకోటి కూడా తట్టాలి, ఆయన పేరు జెరెమయా, అంటే మన యిర్మీయా. సొంత జనాన్ని, సొంత రాజుని, సొంత ఊరిని నిలబెట్టి తిట్టిన ప్రవక్త. మన సండే స్కూల్లో అది చెప్పేటప్పుడు ఎవరూ యిర్మీయాకి దేశభక్తి లేదనరు. 2001 సెప్టెంబర్ 16న, అంటే ట్విన్ టవర్స్ కూలిన తర్వాతి ఆదివారం, ఆయన చెప్పిన వాక్యం 137వ కీర్తన మీద. పగ తీర్చుకోవాలనే కోరిక మనిషిని ఎక్కడిదాకా తీసుకెళ్తుందో, పసిపిల్లల్ని బండకేసి కొట్టేదాకా తీసుకెళ్తుందని చెప్పడం దాని ఉద్దేశం. టీవీలో వచ్చింది ఒక్క ముక్క.

అలాగని ఆయన అన్నవన్నీ నేను మోయను. నల్లవాళ్ళని చంపడానికి ప్రభుత్వమే హెచ్ఐవీ పుట్టించింది అన్నాడు, అది తప్పు. అది వినే జబ్బుమనిషి మందు మానేస్తే పోయేది ప్రాణం. టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్ల మగవాళ్ళకి వైద్యం చెయ్యకుండా ప్రభుత్వ డాక్టర్లు చూస్తూ కూర్చున్నారు, ఆ అనుమానం ఎక్కడ్నించి వచ్చిందో తెలుసు. తెలిసినా తప్పు తప్పే. దీన్ని దాటేసి రైట్ గారిని వెనకేసుకొచ్చే వ్యాసాలు అప్పట్లో చాలా చదివాను, ఏదీ నాకు నచ్చలేదు.

రెండు నేరాలు ఒకేసారి

ఇప్పటికీ నన్ను తొలిచేది ఇంకొకటుంది. 2008లో ఒబామా మీద మతం విషయంలో రెండు నేరాలు మోపారు. ఒకటి, ఇరవయ్యేళ్ళుగా చెడ్డ చర్చికి వెళ్తున్నాడు. రెండోది, లోపల్లోపల ముస్లిం. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో ఎవరూ అడగలేదు, కొన్నిసార్లు ఒకే మనిషి నోటి నుంచి ఒకే రోజు రెండూ విన్నాను. ముస్లిం కాదని నిరూపించుకోవాలంటే అతని చేతిలో ఉన్న రుజువు ఆ చర్చే, అక్కడ పెళ్ళి చేసుకున్నాడు, పిల్లలకి అక్కడ బాప్తిస్మం ఇప్పించాడు. కోపిష్టి నల్లవాడు కాదని నిరూపించుకోవాలంటే ఆ చర్చినే వదలాలి. ఒక రుజువు చూపిస్తే ఇంకో కేసు గట్టిపడుతుంది.

ఆ ఎన్నికల్లో ఒబామా ప్రత్యర్థి మెకెయిన్ కి జాన్ హేగీ అనే టెక్సాస్ పాస్టరు మద్దతిచ్చాడు, యూదుల్ని ఇజ్రాయెల్ కి తోలడానికి దేవుడు పంపిన వేటగాడు హిట్లర్ అని చెప్పిన మనిషి. మేలో అది బయటపడ్డాక మెకెయిన్ ఆ మద్దతు వద్దన్నాడు, రెండు రోజుల్లో మాట మరుగున పడింది. నేను దీన్ని అప్పట్లో పెద్ద వాదనగా అందరి దగ్గరా వాడేవాణ్ణి, చూశారా తెల్లపాస్టరుకో కొలత నల్లపాస్టరుకో కొలత అని. ఇప్పుడు అంత ధీమాగా అనను. మెకెయిన్ హేగీ చర్చిలో ఇరవయ్యేళ్ళు కూర్చోలేదు, తన పుస్తకానికి హేగీ ప్రసంగంలోంచి పేరు పెట్టుకోలేదు, రైట్ విషయంలో ఒబామా రెండూ చేశాడు. అయినా నాకు పూర్తిగా పోని అనుమానం ఒకటుంది. హేగీ మాటలు విన్నప్పుడు తెల్లవాళ్ళందరి లోపలా ఇదే ఉందా అని ఎవరూ భయపడలేదు. రైట్ మాటలు విన్నప్పుడు మా బ్రేక్ రూమ్ లో ఆ ప్రశ్నే తిరిగింది.

నిరూపించుకోవడం అంటే ఏంటో మా ఇంట్లో తెలుసు. మేము ఆదివారం చర్చికెళ్తాం, రికార్డుల్లో హిందువులం. 1950 నాటి రాష్ట్రపతి ఆర్డరు ప్రకారం ఎస్సీ అంటే హిందువే, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవులు అందులో లేరు. మతం మారినట్టు రాస్తే బీసీ-సీ. నాకు ఇంజినీరింగ్ సీటప్పుడు ఎమ్మార్వో ఆఫీసు నుంచి విచారణకి మనిషి వస్తాడని తెలిసి మా అమ్మ ముందు రోజు రాత్రి గోడమీది వాక్యం కేలండరు, బైబిలు, ఆఖరికి పాటల పుస్తకం కూడా బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది. మా నాన్నకి చర్చిలో పెట్టిన పేరు వేరు, కాగితాల మీద పేరు వేరు. ఆయన పోయినప్పుడు సమాధి మీద ఏ పేరు చెక్కించాలో మా అన్నదమ్ములం కూర్చుని మాట్లాడుకోవలసొచ్చింది.

అలాంటి నేను అమెరికా వచ్చాక మా అమ్మాయికి బైబిలు పేరు పెట్టాను, పాస్‌పోర్టు మీద, స్కూలు రిజిస్టరు మీద, అన్నిట్లో. ఎవరూ ఏమీ అడగలేదు. ఇండియాలో డబ్బాలో దాచుకున్న మతం ఇక్కడికొచ్చేసరికి నాకు కవచం అయింది, పక్కింటి తెల్లావిడ "ఓ, మీరు క్రిస్టియన్సా" అని మొహం విప్పార్చుకుని నవ్వితే ఆ నవ్వు నాకు బావుండేది. అది బావుండటం గురించి నేను చాలా ఏళ్ళు ఆలోచించలేదు.

మార్చి 18 నుంచి మే 31

ఫిలడెల్ఫియా ఉపన్యాసం అబద్ధం కాదని నేను ఎందుకు నమ్ముతున్నానంటే, ఓట్లు కావలసిన మనిషికి అమ్మమ్మని అందులోకి తేవలసిన పనిలేదు. రోడ్డు మీద ఎదురొచ్చే నల్ల మగవాళ్ళంటే భయమని తనతోనే చెప్పిన అమ్మమ్మ, బతికున్న అమ్మమ్మ. దానికోసం చాలామంది తిట్టారు, ముసలావిడని బజారుకీడ్చాడని. నాకైతే ఆ ఉపన్యాసం మొత్తంలో నిజాయితీ అంతా అక్కడే ఉంది. మనల్ని పెంచినవాళ్ళలో మనల్ని చూసి భయపడేవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళ ఒళ్ళోనే మనం పెరుగుతాం. రైట్ మాటలు చర్చిలో కూర్చుని ఎప్పుడైనా విన్నావా అంటే విన్నాను అని కూడా ఆ రోజే ఒప్పుకున్నాడు.

ఏప్రిల్ 28న రైట్ వాషింగ్టన్ లో నేషనల్ ప్రెస్ క్లబ్ కి వచ్చాడు. అది నేను మొత్తం చూశాను, చూస్తూ చూస్తూ నీరసపడిపోయాను. హెచ్ఐవీ మాట వెనక్కి తీసుకోలేదు, యూదుల మీద ద్వేషపు మాటలకి పేరుపడ్డ నేషన్ ఆఫ్ ఇస్లాం నాయకుడు ఫరాఖాన్ ని పొగిడాడు, అన్నిటికంటే ఘోరం, ఒబామా రాజకీయ నాయకుడు కాబట్టి రాజకీయ నాయకుళ్ళు మాట్లాడేదే మాట్లాడాడు అన్నాడు. తన కోసం అంత పెద్ద రిస్కు తీసుకున్న మనిషి మాటని అందరి ముందూ నాటకం అని తీసిపారేశాడు. మర్నాడు నార్త్ కరోలైనాలో ఒబామా తెంచుకున్నాడు, అక్కడ నాకు ఏ ఫిర్యాదూ లేదు. మా పాస్టరు గారు అలా చేసుంటే నేనూ లేచి వచ్చేసేవాణ్ణి.

నా పేచీ మే 31తో. ఇంకో అతిథి బోధకుడు ఆ పల్పిట్ మీద, పార్టీలో ఒబామాకి పోటీగా ఉన్న హిల్లరీని వెటకారం చేశాడు, ఈయన తెల్లవాడు, కేథలిక్ ఫాదర్, దాంతో ఒబామా దంపతులు సభ్యత్వం వదులుకున్నారు. ఆ పల్పిట్ మీద ఎవరేమన్నా నాకే అంటగడుతున్నారు, విలేకరుల తాకిడికి సంఘంవాళ్ళు ప్రశాంతంగా ఆరాధన చేసుకోలేకపోతున్నారు అన్నాడు. రెండూ నిజమే. కానీ రైట్ అప్పటికే రిటైరైపోతున్నాడు, కొత్త పాస్టరు వచ్చేశాడు. మిగిలింది ఎవరు? సంఘం. ఆ మెట్లు తుడిచేవాళ్ళు, క్వైర్ లో పాడేవాళ్ళు, ఆ పిల్లల బాప్తిస్మానికి కొత్తబట్టలేసుకుని వచ్చినవాళ్ళు. వాళ్ళెవరూ ప్రెస్ క్లబ్ కి వెళ్ళలేదు. "నల్లవాళ్ళమైనందుకు సిగ్గు లేదు, క్రైస్తవులమైనందుకు క్షమాపణ లేదు" అని రాసుకున్న చర్చి అది, ఆ మాట నమ్మి వచ్చినవాళ్ళు. మార్చిలో నేను వదులుకోలేను అన్నది వాళ్ళ గురించి కూడా కదా.

మా టీములో అప్పుడు ఒక నల్లజాతి ఆవిడ ఉండేది, యాభై దాటినావిడ, నెవార్క్ లో బాప్టిస్ట్ చర్చికి వెళ్ళేది. నేను ఇదే ఆవిడ దగ్గర ఆవేశంగా మాట్లాడితే ఆవిడ తొందరపడకుండా లంచ్ బాక్స్ మూసి చెప్పింది, మా అబ్బాయి జడలు పెంచుకునేవాడు, బ్యాంకు ఇంటర్వ్యూకి ముందు నేనే తీసేయించుకోమన్నాను, తీసేయించుకుని వచ్చి వంటింట్లో నా ముందు నించుంటే ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు, వాడి మీద నాకెందుకు కోపం వస్తుంది, అలా అడిగేవాళ్ళ మీద వస్తుంది గాని, అని. ఆ ఉద్యోగం ఆ అబ్బాయికి రావాలి, అంతే, మాకు తెలుసు, ఆ చర్చివాళ్ళకీ తెలుసు అంది. నాకు జవాబు దొరకలేదు. జుట్టు మళ్ళీ పెరుగుతుంది, సంఘం పెరగదు కదా అనుకున్నాను గాని ఆవిడ ముందు అనలేకపోయాను, ఇప్పటికీ ఆవిడతో వాదించే అర్హత నాకుందని అనుకోను. మా ఆవిడదీ అదే మాట, గెలవకపోతే ఆ చర్చివాళ్ళకి మాత్రం ఏం ఒరిగేది అని.

గెలిచాడు. చర్చి వదిలినందుకు ఆ అనుమానాలు తగ్గాయా అంటే, 2010 ఆగస్టులో ప్యూ వాళ్ళ సర్వేలో ప్రెసిడెంట్ ముస్లిం అన్నవాళ్ళు 18 శాతం, అంతకుముందు ఏడాది కంటే ఎక్కువ. క్రైస్తవుడు అని సరిగ్గా చెప్పినవాళ్ళు 34 శాతమే, 2009లో 48 ఉండేది. ఆర్థిక పరిస్థితి, న్యూయార్క్ లో మసీదు గొడవ, ఇలా కారణాలు ఇంకా ఉండొచ్చు, ఆదివారం ఫలానా చర్చికి వెళ్తాడు అని చెప్పడానికి ఒక చర్చి లేకపోవడం కూడా ఒకటి అయ్యుంటుందని నా ఊహ. 2015లో చార్ల్స్‌టన్ లో నల్లవాళ్ళ చర్చిలో తొమ్మిదిమందిని కాల్చి చంపాక ఆయన ఆ ఊరెళ్ళి మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయి, చాలాసేపు తలొంచుకుని, పాట ఎత్తుకున్నాడు చూడండి, వెనక కూర్చున్న బిషప్పులు నవ్వుతూ లేచి నించుని కలిశారు. ఆ ఆగడం, ఆ ఎత్తుకోవడం ట్రినిటీలాంటి చోట ఏళ్ళ తరబడి బెంచీల మీద కూర్చున్నవాళ్ళకే వస్తుంది. మా అమ్మాయికి ఆ వీడియో కూడా చూపించాను.

నేను పంపిన మెయిలు

ఇంతవరకూ ఇంకొకరి సంగతి. ఇది నాది.

2008 ఫిబ్రవరిలోనే సిన్సినాటిలో మెకెయిన్ సభలో ఒక రేడియో అతను బరాక్ హుసేన్ ఒబామా అని ఆ మధ్యపేరు నొక్కినొక్కి పలికాడు, మెకెయిన్ క్షమాపణ చెప్పాడు. జూన్లో డెట్రాయిట్ లో ఒబామా సభలోనే హిజాబ్ వేసుకున్న ఇద్దరమ్మాయిల్ని కెమెరాలో పడకుండా వేదిక వెనక వరసలో కూర్చోనివ్వలేదు వాలంటీర్లు, తర్వాత ఒబామా ఫోన్ చేసి సారీ చెప్పాడు. ఆ అమ్మాయిల్ని చూసి అప్పట్లో నాకేమీ అనిపించలేదు, వ్యూహం అనుకున్నాను.

అక్టోబర్ మొదట్లో మా ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపులో ఒకడు ఫార్వర్డ్ పెట్టాడు, ఒబామా ముస్లిం, మదరసాలో చదివాడు, ఖురాన్ మీద ప్రమాణం చేశాడు, అదంతా. నలభైమంది ఉన్న గ్రూపు. ఎవరూ మాట్లాడకపోతే నేను చాలా పొడుగ్గా జవాబు రాశాను, ఇవన్నీ అబద్ధాలు, ఆయన నికార్సయిన క్రైస్తవుడు, ఇరవయ్యేళ్ళు చర్చికి వెళ్ళాడు, ఇలాంటి నింద దయచేసి వెయ్యకండి అని. నింద అనే మాటే రాశాను. చాలా మంచి పని చేశాననుకుని పడుకున్నాను.

ఆ నెల 10న మిన్నెసోటాలో ఒక పెద్దావిడ మెకెయిన్ తో ఒబామా అరబ్ అంటే ఆయన మైకు తీసుకుని కాదమ్మా, ఆయన మంచి కుటుంబం గల మనిషి, పౌరుడు అన్నాడు, దేశమంతా మెచ్చుకుంది, నేనూ మెచ్చుకున్నాను. 19న ఆదివారం మాజీ విదేశాంగ మంత్రి, మెకెయిన్ పార్టీవాడే అయిన కోలిన్ పావెల్ టీవీలో మాట్లాడాడు. ఒబామా ముస్లిం కాదు, క్రైస్తవుడే, కానీ అసలు జవాబు, అయితే ఏంటి అనేది, ఈ దేశంలో ముస్లిం అవడం తప్పా అన్నాడు. ఇరాక్ లో ఇరవయ్యేళ్ళకి చనిపోయిన ఒక ముస్లిం సైనికుడి సమాధి గురించి చెప్పాడు, ఆ రాతి మీద నెలవంక, పక్కన తల ఆనించుకుని కూర్చున్న తల్లి. ఆ కుర్రాడిది మా న్యూజెర్సీయే. చంటిపిల్ల మా అమ్మాయి నా ఒళ్ళో ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ నలభైమందిలో వాడున్నాడని.

గుంటూరువాడు, నాలుగేళ్ళు నా రూమ్మేట్, రంజాన్ కి వాళ్ళమ్మ నాకు విడిగా డబ్బా కట్టి పంపేది. హాస్టల్లో నా రికార్డుల సంగతి, మా అమ్మ బియ్యం డబ్బా సంగతి తెలిసినవాడు వాడొక్కడే, ఎవరికీ చెప్పలేదు. నింద అని రాసిన మెయిలు వాడికీ వెళ్ళింది. వాడేమీ అనలేదు, తర్వాత ఎన్నిసార్లు కలిశామో, ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పోయినవారం అమ్మాయి వ్యాసం రాయడం అయిపోయాక వాడికి ఫోన్ చేశాను, ఇప్పుడు డాలస్ లో ఉంటున్నాడు. అరగంట ఏవేవో మాట్లాడి ఆఖరికి అడిగాను, ఆ మెయిలు గుర్తుందా రా అని.

"గుర్తుంది రా" అన్నాడు. "నువ్వొక్కడివే కదా రాసింది, మిగతావాళ్ళు అదీ రాయలేదు. మా ఆవిడకి చూపించా ఆ రోజు."

"ఏమంది?"

"ఏమంటుంది. అప్పటికి దానికి ఏడో నెల. వాడికి మా తాత పేరు పెడదామనుకున్నాం, నీకు తెలుసుగా మా తాత పేరు. ఆ రాత్రి కూర్చుని వేరే పేరు వెతికాం, ఎక్కడివాడో పేరు చూసి తెలీకుండా ఉండేది. తాతది మధ్యపేరుగా పెట్టాంలే. ఫారాల్లో ఒక్క అక్షరమే రాస్తాడు."